చీనీ తోట ఫారం పాండ్‌లో పాచితో నా తిప్పలు

మాది అనంతపురం వైపు, చీనీ (బత్తాయి) తోట, డ్రిప్ మీద నీళ్లు పెడతాం. బోరు ఒక్కటే నమ్ముకుంటే వేసవి గట్టెక్కదని ప్లాస్టిక్ షీట్ పరిచిన ఫారం పాండ్, అంటే నీటి కుంట, తవ్వించుకున్నాం, నిండితే పది లక్షల లీటర్ల దాకా పడుతుంది. ఎండలు ముదిరేసరికి నీళ్లు పచ్చగా తిరిగాయి. చివరి సాళ్లలో చెట్లు వాడుతున్నాయేంటని లేటరల్ పైపు (చెట్ల సాలు వెంట పోయే సన్న డ్రిప్ పైపు) చివర ఎండ్ క్యాప్ విప్పితే చీమిడిలా ఆకుపచ్చ జిగురు సాగుతూ బయటికొచ్చింది. ఇక ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు, దానికి రెండు పక్కలా ఉన్న ప్రెజర్ గేజ్‌ల మధ్య తేడా అర కేజీ దాటితే కడగాలంటారు, మాకు మోటారు వేసిన కాసేపటికే దాటేసేది. ఆపు, విప్పు, బ్రష్‌తో రుద్దు, మళ్లీ బిగించు, కరెంటు ఉన్న కాస్త టైమూ దీనికే సరి.

ఎరువుల అంగడిలో అడిగితే "మైలుతుత్తం వేసేయన్నా, రెండు రోజుల్లో తేటపడుతుంది" అన్నాడు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. వేసేవాణ్ణే, కానీ ఆ కుంట నీళ్లే మా బర్రెలు తాగుతాయి. అందుకని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి అక్కడి సార్‌ని అడిగా. అది ఏ రకం పాచో ముందు చూసుకో అన్నారు. కట్టెతో కెలికితే దారాల్లా చుట్టుకుని వస్తే అది నాచు, చిరాకు పెడుతుంది కానీ పెద్దగా విషం కాదు. కట్టెకి పెయింట్ పూసినట్టు అంటుకుంటే అనుమానించాలి. అప్పుడు గాజు సీసాలో కుంట నీళ్లు పట్టి కదపకుండా రాత్రంతా ఉంచితే, పచ్చదనం అడుక్కి దిగితే మామూలు పాచి, పైకి తేలి మీగడ కడితే నీలి ఆకుపచ్చ రకం కావచ్చు. ఖచ్చితంగా తేలాలంటే ల్యాబ్‌కే పంపాలట. మా సీసాలో పొద్దున్నే పైన తెట్టు! ఆ రకంలో కొన్ని పశువుల కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారుచేస్తాయి, నీళ్లు మరగబెట్టినా ఆ విషం పోదు. పైగా మైలుతుత్తం వేస్తే పాచి చచ్చి, లోపలున్న విషమంతా ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుందట. అంగడాయన ఈ ముక్క చెప్పలేదు.

ఆ రోజే బర్రెలకి బోరు నీళ్లు నేరుగా పడేలా తొట్టి కట్టించి, కుంట చుట్టూ ముళ్లకంప వేసేశాం.

ఆ తర్వాతే మందు జోలికెళ్లాం. పది లక్షల లీటర్లకి మైలుతుత్తం ఒక కేజీ అంటే ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు), అంతకు మించొద్దన్నారు. మైలుతుత్తాన్ని పాత పంచె గుడ్డలో మూటగట్టి, తాడుకి కట్టి, ఎండెక్కాక కట్ట మీద నడుస్తూ నీళ్లలో ఈడ్చాం. అంతా ఒకే రోజు కాదు, సగం ఇవాళ, మిగతా సగం కొన్నాళ్లకి. పాచి మొత్తం ఒక్కసారే చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలుంటే తేలిపోతాయి. నీళ్లు తేరుకున్నాయి, నిజమే, కానీ కొన్నాళ్లకే మళ్లీ పచ్చరంగు. దానికి తిండి పెడుతున్నది మేమే కదా! పేడదిబ్బ కుంటకి ఎగువన ఉంది, వానొస్తే ఆ రసమంతా ఇందులోకే, ఎరువులు కలిపిన డ్రమ్ము కడిగిన నీళ్లూ ఇందులోకే. దిబ్బని దిగువకి మార్చాం, కట్ట ఎత్తు పెంచాం, వాన నీళ్లు ముందొక గుంటలో ఆగి మట్టి దింపుకుని వచ్చేలా చేశాం. నన్నడిగితే మందు కన్నా దీనివల్లే ఎక్కువ తేడా కనిపించింది.

ఇంకో మంచి పని, మోటారు నీళ్లు పీల్చే పైపు చివరుండే ఫుట్ వాల్వ్‌ని ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముకి వేలాడదీసి నీటిమట్టానికి రెండడుగుల కింద ఉండేలా తేలేశాం. పై తెట్టూ రాదు, అడుగు బురదా రాదు. డ్రిప్పర్లలో ఉన్న జిగురుకి బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచి, పైన తేరిన నీళ్లే పైపుల్లోకి వదిలాం, అడుగున సున్నం వెళ్తే అదే ఇంకోసారి డ్రిప్పర్లు పూడ్చేస్తుంది. మరుసటి రోజు ఎండ్ క్యాప్‌లు విప్పి మురికంతా పోయేదాకా నీళ్లు వదిలేశాం. యాసిడ్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్లు ఈ బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ ఒకే డ్రమ్ములో కలపొద్దు, ప్రాణం తీసే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఎండ తగలకపోతే పాచే పెరగదని షేడ్ నెట్ కూడా కట్టాం. కానీ మా ఆషాఢం గాలుల సంగతి తెలిసిందే, గాలిమరలు పెట్టింది ఊరికేనా, సగం నెట్ చిరిగి పక్క చేలో పడింది. ఉన్న సగాన్నే గట్టి తీగల మీద బిగించి ఉంచాం. ఫిల్టర్ ఇప్పుడు వారానికోసారి కడిగితే చాలు.