మెట్రో సరే, ముందు బస్సు రానివ్వండి

మొన్న అమ్మతో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సిటీ బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డా, మాడు పగిలే ఎండ, అమ్మేమో కొంగు నెత్తిన కప్పుకుని "ఆటో ఎక్కేద్దాం లేరా" అని ఒకటే గొడవ. స్త్రీశక్తి ఫ్రీ బస్సు కోసమని ఆధార్ కార్డు చేతిలోనే పట్టుకుంది పాపం. చివరికి షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ పోయా.

మా విజయవాడకి వస్తుందంటున్న మెట్రో వద్దనట్లేదు. బస్టాండ్ నుంచి గన్నవరానికొకటి, పెనమలూరుకొకటి, మొత్తం 38.4 కిలోమీటర్లు, 11 వేల కోట్ల పైమాటే అంటున్నారు, రానీండి. కానీ మన దగ్గర కట్టడానికి డబ్బులు దొరుకుతాయి, తిప్పడానికే దొరకవు. సత్యనారాయణపురంలో రైలు పట్టాలు పీకేసి బీఆర్టీఎస్ రోడ్డేశారుగా, బస్సులకి విడిగా దారి ఉండాలని, మా బాబాయికి అది వాకింగ్ ట్రాక్!

అందుకే కేంద్రం 2023లో తెచ్చిన పీఎం ఈ-బస్ సేవ నాకు నచ్చింది. 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు, కేంద్రం వాటా 20 వేల కోట్లు, బస్సు తిరిగిన కిలోమీటరుకి ఇంత అని పదేళ్లు ఇస్తారు, అంటే కొనడానికి కాదు, తిప్పడానికి డబ్బన్నమాట.

ఆటోకి ఇద్దరికీ 40 అయింది, అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.