సెలవుకొచ్చిన రోజే సెల్ఫ్ కొట్టొద్దు

కంచిలి, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఊరికెళ్ళినా గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ ఇళ్ళు కనిపిస్తాయి. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, డ్రైవర్లు, గ్యారేజీ మెకానిక్కులు. వాళ్ళ పందిళ్ళ కింద ఏపీ 30 నంబరు పాత బళ్ళు నిలబడి ఉంటాయి. మారుతి 800, ఇండికా, బొలేరో, క్వాలిస్, కొబ్బరికాయలు, జీడిపిక్కలు మోసే టాటా 407. విజయనగరం జిల్లాలో భోగాపురం, పూసపాటిరేగ వైపయితే నంబరు ఏపీ 35, అంతే తేడా. యజమాని రెండేళ్ళకోసారి సెలవు మీద దిగుతాడు, ఆ సాయంత్రమే తాళం తిప్పి సెల్ఫ్ కొడతాడు. రెండేళ్ళలో జరగని నష్టం ఆ ఒక్క నిమిషంలో జరుగుతుంది.

కువైట్ షువైఖ్‌లోనో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోనో ఏళ్ళ తరబడి పాన పట్టిన చెయ్యికి పని రాదని కాదు. అక్కడ బండి ఎండకీ ఇసుకకీ చెడుతుంది, రోజూ తిరిగి తిరిగి అరుగుతుంది. ఇక్కడ మాత్రం నిలబడి చెడుతుంది. ఓ పక్క ఉప్పుగాలి, ఆషాఢం నుంచి కార్తీకం దాకా చెమ్మ, మట్టినేల సాలలో కింద నుంచి ఊరే తడి. అక్కడి అలవాటు ప్రకారం ముందు ఎయిర్ ఫిల్టరు దులిపి, రేడియేటర్ చూసి స్టార్ట్ చేస్తారు. ఇక్కడ ఆ వరుస మార్చుకోవాలి.

రెండేళ్ళు తిరగని ఇంజన్లో ఆయిల్ మొత్తం అడుగునున్న సంపులోకి దిగిపోతుంది. ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరుచుకునే ఆగి ఉంటుంది కాబట్టి ఆ దారిన చెమ్మ లోపలికి చేరి, గోడ మీద పల్చగా తుప్పు కడుతుంది. పిస్టన్ రింగులు అక్కడే అతుక్కుంటాయి. ఒక్కసారిగా సెల్ఫ్ కొడితే రింగు ఆ తుప్పుని గీరుకుంటూ పోతుంది. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది కూడా. నెల తిరక్కుండా సైలెన్సర్లోంచి నీలం పొగ మొదలవుతుంది, ఆయిల్ తగ్గుతుంటుంది.

కాబట్టి మొదటి రోజు ఇంజన్ జోలికి వెళ్ళకుండా బానెట్ ఎత్తి ఎలకల సంగతి చూడాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే కొబ్బరిపీచు గూడు దొరకడం మన వైపు మామూలే. వైర్ల పైతొడుగుతో పాటు పెట్రోలు, డీజిల్ రబ్బరు గొట్టాలు కూడా కొరికేసి ఉంటాయి. గొట్టాన్ని వేళ్ళతో వంచి చూస్తే సన్నటి పగుళ్ళు బయటపడతాయి. పగులు ఒక్కటి కనిపించినా మొత్తం గొట్టం మార్చండి. నిప్పు పుట్టేది అక్కడే.

తరవాత బ్యాటరీ. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. 12 కంటే కింద నెలల తరబడి పడుకున్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది. ఛార్జ్ ఎక్కినట్టే ఎక్కి రెండో రోజుకే దిగిపోతుంది. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిందంటే ఒక సెల్లు పోయింది, దాని మీద ఇంక డబ్బు పెట్టొద్దు. ఛార్జింగ్ నిదానంగా, కెపాసిటీలో పదో వంతు కరెంటుతో జరగాలి. అంటే 65 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఆరున్నర ఆంపియర్లు. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్.

ఇక ఇంజన్‌ని చేత్తో తిప్పాలి. పాత ఆయిల్ ముందే దించెయ్యండి. చల్లగా ఉన్నప్పుడు నిదానంగా కారుతుంది, రాత్రంతా వదిలేస్తే అడుగున చేరిన నీరు కూడా వచ్చేస్తుంది. ఫిల్టరు మార్చి కొత్త ఆయిల్ పొయ్యండి. పాత మెకానికల్ పంపు డీజిళ్ళకి 15డబ్ల్యూ-40 సరిపోతుంది. పెట్రోలు బండికి ప్లగ్గులు విప్పి, సిరంజితో ఒక్కో సిలిండర్లో 5 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ వెయ్యాలి. డీజిల్‌కి సిలిండర్‌ని వేడిచేసే గ్లో ప్లగ్గుల కన్నాల్లోంచి, గ్లో ప్లగ్గులు లేనిదానికి డీజిల్ చిమ్మే నాజిళ్ళు తీసి వెయ్యాలి. డీజిల్లో ఒక్కసారికి ఆ కొలత దాటొద్దు. పిస్టన్ పైన ఖాళీ చాలా తక్కువ, ఆయిల్ ఎక్కువైతే నలగడానికి చోటు లేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక రాత్రి ఆగి, క్రాంక్ పుల్లీ బోల్టుకి రింగు పాన వేసి ఇంజన్ తిరిగే వైపే రెండు పూర్తి చుట్లు తిప్పండి. బిగుసుకుంటే పానకి పైపు తొడిగి బలం చెయ్యొద్దు. ఇంకో 5 మిల్లీ వేసి మరో రోజు ఆగండి.

తిరిగాక ప్లగ్గుల కన్నాల మీద గుడ్డ కప్పి, ఇంధనం అందకుండా, పెట్రోలు బండికయితే కాయిల్ వైరు కూడా పీకి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. నిమిషం ఆగి మళ్ళీ పది సెకన్లు. ఆయిల్ ప్రెషర్ దీపం ఆరిందంటే బేరింగులకి ఆయిల్ అందినట్టు. ఇండికా డీజిల్ లాంటి టైమింగ్ బెల్టు బండి అయితే దీనికి ముందే బెల్టు చూడాలి. కిలోమీటర్లు తిరగకపోయినా రబ్బరు వయసుతో చెడుతుంది. తెగితే పిస్టన్ వాల్వులని కొడుతుంది, హెడ్డు పని పడుతుంది.

ఇప్పుడు ఇంధనం. రెండేళ్ళ పెట్రోలుని బండిలో కాల్చొద్దు, దించెయ్యాల్సిందే. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాల్లోంచి చెమ్మ లాగుతుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్ నీటితో కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరుతుంది, పంపు తాగేది అడుగునున్నదే. కార్బొరేటర్ మారుతి 800 అయితే ఫ్లోట్ గిన్నె విప్పి చూస్తే బంక కనిపిస్తుంది. జెట్లని తీగతో పొడవొద్దు, కన్నం పెద్దదవుతుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదండి.

డీజిల్‌ది ఇంకో గొడవ. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే పై గోడకి నీటి ఆవిరి పట్టి కిందికి జారుతుంది. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ఫిల్టరు కింద మర విప్పి గాజుసీసాలోకి పట్టి, అరగంట ఆగి చూడండి. అడుగున నీటి గీత కనిపిస్తే ట్యాంకే దించి కడగాలి. ఫిల్టరు మార్చాక పైపుల్లో చేరిన గాలి, అంటే ఎయిర్ తియ్యాలి. పాత 407 లాంటి మెకానికల్ పంపు బళ్ళకి ఫిల్టరు పైనున్న బ్లీడ్ స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, బుడగలు ఆగి నిండు ధార వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ కొట్టండి. కొడుతూనే స్క్రూ బిగించండి. అప్పటికీ అందకపోతే నాజిళ్ళ దగ్గర పైపు నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటే బిగించాలి. ఇన్నోవాలాంటి కామన్ రైల్ ఇంజన్ మీద మాత్రం ఈ చివరి పని చెయ్యొద్దు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, చర్మం చీల్చుకుని డీజిల్ ఒంట్లోకి దూరుతుంది.

ఇంజన్ స్టార్టయిందని ఆనందపడి రోడ్డెక్కేవాళ్ళున్నారు, బ్రేకులు చూడకుండా. పాత బండిలో మనిషి ప్రాణం బ్రేకుల మీదే ఉంది. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ద్రవాలు చెమ్మ తాగుతాయి. కొత్త డాట్ 4 మరిగేది 230 డిగ్రీల పైన, తడి పట్టినది 155కే మరగొచ్చు. రెండేళ్ళు దాటినదాన్ని మార్చాల్సిందే. ఇక్కడే గల్ఫ్ అలవాటు ఒకటి అడ్డొస్తుంది. అక్కడ స్టీరింగ్ ఎడమ పక్కన, పెడల్ తొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండరూ అటే, అందుకని ఎయిర్ తియ్యడం కుడి వెనక చక్రంతో మొదలెడతారు. మన బండికి మాస్టర్ సిలిండర్ కుడి పక్కన. అన్నిటికంటే దూరం ఎడమ వెనక చక్రం. అక్కడ మొదలెట్టి కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. బండి పుస్తకంలో వేరే వరుస ఉంటే అదే పాటించండి. పెడల్‌ని నేల దాకా తొక్కనివ్వొద్దు, కింద చెక్కముక్క పెట్టండి. మాస్టర్ సిలిండర్లో రబ్బరు ఎప్పుడూ వెళ్ళని చివరి భాగం తుప్పు పట్టి ఉంటుంది. రబ్బరు అక్కడిదాకా వెళ్ళిందంటే చిరిగి, నిన్నటిదాకా బాగున్న బ్రేకు ఇవాళ దిగిపోతుంది.

డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల రబ్బరు అంచు ఎత్తి చూడండి, తడి ఉంటే కిట్టు మార్చండి. ఆ రబ్బర్లకి బ్రేక్ ద్రవమే రాయాలి. ఇంజన్ ఆయిలో కిరోసినో తగిలితే ఉబ్బి బ్రేకు పట్టేసుకుంటుంది. రోడ్డు పక్క షెడ్లలో అతి మామూలుగా జరిగే తప్పిది. మన ఇసుకనేలలో జాకీ కింద కనీసం అడుగు వెడల్పు పలక వెయ్యాలి. బండి కిందికి దూరే పనయితే స్టాండు మీదో మంచి కర్ర దుంగల మీదో దించాకే. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు. ఇటుకలూ వద్దు, చెప్పకుండా పగులుతాయి.

క్లచ్ తొక్కినా గేరు పడకపోతే ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుందన్నమాట. వెంటనే గేర్‌బాక్స్ దించనక్కర్లేదు. బ్రేకులు పూర్తిగా బాగయ్యాక, ఇంజన్ వేడెక్కించి ఆపి, ఎవరూ లేని కల్లంలో రెండో గేరులో క్లచ్ తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. బండి కదలగానే బ్రేకు తొక్కితే చాలాసార్లు ఊడుతుంది.

2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటిన తిత్లీ లాంటి తుపానులో ఇరుసు దాకా నీళ్ళు నిలిచిన బండయితే గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్ళు చూడకుండా నడపొద్దు. గాలి కోసం ఉన్న చిన్న కన్నంలోంచి నీరు లోపలికి వెళ్తుంది. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే దించి, కొత్తది పోసి, కాస్త తిప్పి మళ్ళీ దించాలి.

రేడియేటర్లో బోరు నీళ్ళు వద్దు. తీరం వైపు బోరులో ఉప్పుంటుంది, పేరుకుని గొట్టాలు మూసేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలంట్ సగం సగం. వేడెక్కుతోందని, వేడిని బట్టి కూలంట్ దారి తెరిచే థర్మోస్టాట్ పీకెయ్యడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అది తప్పు. ఇంజన్ చాలినంత వేడెక్కక డీజిల్ సరిగ్గా కాలదు, ఆయిల్ చెడుతుంది. థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్ళలో వేసి కాచి చూడండి. సాధారణంగా 82 డిగ్రీల దరిదాపుల్లో తెరుచుకోవాలి.

టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారయింది. గాడి లోతు ఎంత మిగిలినా ఆరేళ్ళు దాటి ఎండలో నిలబడ్డ టైరుతో హైవే ఎక్కొద్దు.

అక్కడి నుంచి సామాను తెచ్చే విషయం ఒకటుంది. పాత ఇన్నోవాలో ఉన్న 2కేడీ డీజిల్ ఇంజనే అక్కడి కొన్ని పాత టయోటా హైలక్స్ డీజిల్ బళ్ళలోనూ ఉంది కాబట్టి కొన్ని ఫిల్టర్లు, సెన్సార్లు సరిపోతాయి. పార్ట్ నంబరు అక్షరం అక్షరం కలవాలి. హెడ్‌లైట్లు మాత్రం మొయ్యొద్దు. కుడి పక్కన నడిచే దేశానికి చేసిన దీపం వెలుతురు కుడి వైపుకి విరుస్తుంది, మన రోడ్డు మీద అది ఎదుటివాడి కళ్ళలోకే పోతుంది. బ్రేక్ ద్రవం, డీజిల్ వాసనొచ్చే వాడిన పంపు విమానంలో ఒప్పుకోకపోవచ్చు. మోసే బరువుంటే మంచి టార్క్ రెంచి, మల్టీమీటర్ తెచ్చుకోండి. లోకల్ విడిభాగాలకి విశాఖ ఆటోనగర్ ఎలాగూ ఉంది.

సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకి ముగుస్తుంది, ఆపైన ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. గడువు తేదీ సెలవుకి ముందే చూసుకుంటే ఆర్టీవో ఆఫీసు పని సెలవులోనే తెమిలిపోతుంది.

మీరొచ్చేదాకా బండి నిలబడే ఉంటుందంటే, తిరిగి వెళ్ళేముందు వారం రోజుల పని. ఆయిల్ కొత్తది పోసే వెళ్ళండి, వాడిన ఆయిల్లోని ఆమ్లం రెండేళ్ళు బేరింగుల మీద కూర్చుంటుంది. డీజిల్ ట్యాంకు అంచుదాకా నింపండి, పెట్రోలు ట్యాంకూ ఫ్లోట్ గిన్నే ఖాళీ చెయ్యండి. చక్రాల మీది మడ్‌గార్డుల లోపలి వైపు, తలుపుల అడుగు, ఛాసిస్ కడిగి, నీళ్ళు పోయే కన్నాల్లో మట్టి తీసి, పూర్తిగా ఆరాక మైనపు కోటింగు కొట్టండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ చిమ్మే అలవాటు మానాలి, అది రబ్బరు బుష్షులని తినేస్తుంది. కమాన్ కట్టల పిన్నులకి పాత గ్రీజు బయటికొచ్చేదాకా గన్ను కొట్టండి. హ్యాండ్‌బ్రేకు వదిలేసి, గేరులో పెట్టి చక్రాలకి రాళ్ళు అడ్డం వెయ్యండి, లేకపోతే లైనింగు డ్రమ్ముకి పట్టేస్తుంది. నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా, బండి మీద నూలు కవరు. టార్పాలిన్ కప్పితే లోపల చెమట పడుతుంది. ఎయిర్ ఫిల్టరు నోటికీ సైలెన్సర్ మూతికీ సన్న ఇనుప జాలీ కట్టండి. కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దు.

అక్కడి నుంచి ఫోన్ చేసి "తమ్ముడూ, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చెయ్యరా" అని చెప్పడం అందరికీ అలవాటు. ఐదు నిమిషాల్లో ఆయిల్ వేడెక్కదు. సైలెన్సర్లో నీరు చేరి అక్కడే నిలుస్తుంది. సెల్ఫ్ వాడిన కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి రాదు. తమ్ముడికి లైసెన్సూ తీరికా ఉంటే పదిహేను రోజులకోసారి హైవే మీద పలాస నుంచి టెక్కలి దాకా వెళ్ళి రమ్మనండి. లేదంటే బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి, నెలకోసారి ఛార్జ్ చేసి, చక్రాలు పావు చుట్టు తిప్పి, టైర్లలో గాలి చూడమనండి. బండిని మాత్రం మీరొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దనండి.