మమ జీవనహేతునా: రెండు ముహూర్తాల నడుమ ఒక శ్లోకం

మా అన్నయ్య కొడుకు పెళ్లి తిరుపతిలో జరిగింది. అమ్మాయిది కాంచీపురం. పెళ్లికి ముందు రోజు రాత్రి ఇద్దరు పురోహితుల మధ్య చిన్న వాదన మొదలైంది. సరిగ్గా ముహూర్త ఘడియకు ఏం జరగాలి? జీలకర్ర బెల్లం పెట్టడమే సుముహూర్తమని మా శాస్త్రిగారు అన్నారు. వారి వాధ్యార్ ఒప్పుకోలేదు, తాళి కట్టడమే ముహూర్తమన్నారు. తెలుగువాళ్లకు తెర తొలగి, తలపై చెయ్యి పడి, ఒకరినొకరు చూసుకున్న క్షణంలో పెళ్లి అయిపోయినట్టే. తమిళుల పెళ్లిలో 'గెట్టి మేళం' అని ఎవరో కేక వేసి, నాదస్వరం ఒక్కసారిగా ఎగసిపడేది తాళి దగ్గరే.

నిజానికి పెళ్లి వంటి ఇంటి కర్మల విధులు చెప్పే పాత గ్రంథం ఆపస్తంబ గృహ్యసూత్రంలో ఈ రెండూ లేవు. అక్కడ ఉన్నవి పాణిగ్రహణం, సప్తపది, హోమం. మిగిలినవి ఊరూవాడా తెచ్చిపెట్టుకున్నవి. (జీలకర్ర బెల్లంలో విద్యుత్తు పుడుతుందని ఫోన్లలో తిరిగే సందేశాలను నేను పట్టించుకోను. కలిపి నూరాక ఆ రెండింటినీ మళ్లీ విడదీయలేమన్న మాట చాలు నాకు.)

చివరికి ముహూర్తానికి జీలకర్ర బెల్లం, ఆ వెంటనే తాళి అని తేల్చుకున్నారు. రెండు వైపులా ఒకటే శ్లోకం:

మాంగల్యం తంతునానేన మమ జీవనహేతునా
కంఠే బధ్నామి సుభగే త్వం జీవ శరదాం శతం

చిన్నప్పటి నుంచి వింటున్నా, ఆ రోజే పదం పదం పట్టుకుని విన్నాను. 'నా బతుకుకు కారణమైన ఈ దారాన్ని నీ మెడలో కడుతున్నాను, సౌభాగ్యవతీ, నువ్వు నూరేళ్లు జీవించు.' అంటే ఆధారపడుతున్నది వరుడు, ఆయుష్షు కోరుతున్నది వధువుకు. మనం మాత్రం ఆ దారాన్ని చూపించి భర్త ఆయుష్షు భారమంతా ఆడపిల్ల మెడలో వేశాం. శ్లోకం అలా అనలేదు.

తమిళ పద్ధతి ప్రకారం అమ్మాయి తండ్రి ఒడిలో కూర్చుంది. మా వైపు పెద్దవాళ్లు వింతగా చూశారు. మనకు మేనమామ బుట్టలో తేవడమే తెలుసు కదా! ఆయన మోకాళ్లు వణుకుతున్నాయి, బరువుకో, దుఃఖానికో. మావాడు మొదటి ముడి వేసి ఆగాడు. మన పెళ్లిళ్లలో మూడు ముళ్లూ వరుడే వేస్తాడు. వాళ్లలో తక్కిన రెండూ ఆడపడుచు వంతు. నా మేనకోడలు ముందుకొచ్చి, మల్లెల్లో చిక్కుకున్న బెల్లం ముద్దను పక్కకు తోసి, పసుపు తాడు అందుకుంది. వేళ్లు జారుతున్నాయి.

కట్టి లేచాక నా చెవిలో అడిగింది: "అత్తా, అన్నయ్య వేసిన ముడి కంటే నాదే గట్టిగా ఉందా?"