పింగ్‌పాంగ్ బంతి, మామ్మగారి ఉక్క

ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో పీజీ) థీసిస్ కోసం కోనసీమలో ఒక మండువా లోగిలి, దాని పక్కనే ఉన్న డాబా ఇల్లు తీసుకుని మే నెలలో పది రోజులు వేడి కొలిచాను. గాలి ఉష్ణోగ్రత ఒక్కటే కొలిస్తే సరిపోదు, ఎందుకంటే పగలంతా ఎండకి కాగిన శ్లాబు రాత్రి ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది, ఫ్యాన్ వేసుకుని పడుకున్నా నెత్తిన పెనం పెట్టినట్టే. దాన్ని పట్టుకోవాలంటే గ్లోబ్ థర్మామీటర్, అంటే నల్లటి బోలు గోళం లోపల పెట్టిన థర్మామీటర్ కావాలి. అసలుదైతే 150 మిల్లీమీటర్ల రాగి గోళం, మన బడ్జెట్‌కి అందదు. అందుకే చాలామంది చేసినట్టే 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతికి మెరుపులేని నల్లరంగు వేసి లోపల సెన్సర్ దూర్చాను. మొదటి రెండ్రోజుల రీడింగులు చెత్తబుట్టలోకే, రీడింగులు నమోదు చేసే లాగర్‌ని తీసుకెళ్లి వంటింటి గోడకి తగిలించింది నేనే మరి.

అసలు తంటా ఇళ్లలో ఉండేవాళ్లని అడిగే ప్రశ్నల దగ్గర వచ్చింది. మనిషికి ఎంత వేడిగా, చల్లగా అనిపిస్తోందో చెప్పించే ఆష్రే స్కేలులో చలి నుంచి వేడి దాకా ఏడు మెట్లు ఉంటాయి. మండువాలో మామ్మగారు అవన్నీ ఓపిగ్గా విని, "వేడేం లేదు నాయనా, ఉక్క" అన్నారు.

ఉక్కకి ఆ ఏడింటిలో చోటే లేదు! చెమట గురించి విడిగా ఇంకో ప్రశ్న చేర్చి అందర్నీ మళ్లీ మొదట్నుంచి అడిగాను.