దోర్నాల ఘాట్‌లో వంద సీసీ బండి

ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మా బావకు ఒక కోరిక మిగిలిపోయింది. దోర్నాల ఘాట్‌లో అడివి చూడాలట. ఏళ్ల తరబడి ఆ దారిలో శ్రీశైలం బస్సు తోలిన మనిషి ఈ మాటంటే నవ్వొచ్చింది. "తోలేవాడికి అడివి యాడ కనపడుద్దిరా? మలుపు, ఆ తర్వాత ఇంకో మలుపు, అంతే" అన్నాడు. కారు మాట్లాడతానంటే ఒప్పుకోలేదు. "అద్దాల్లోంచి చూసింది చాల్లే. నీ బండి మీద పోదాం. నువ్వు తోలు, నేను ఎనక కూచుంటా."

నా బండి అంటే 97.2 సీసీ స్ప్లెండర్. ఎనిమిది హార్స్‌పవర్‌కి అటూ ఇటూ. నాలుగే గేర్లు, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. దాని మీద ఇద్దరు పెద్దమనుషులు, ఒక సంచి. పైగా కార్తీక మాసం, ఆదివారం. శ్రీశైలం దారిలో కార్ల వరస చూడాలంటే శివరాత్రి తర్వాత కార్తీకంలోనే చూడాలి. మా అక్కకు టెన్షన్. బావకు మాత్రం ఆ రద్దీ పేరు చెబితేనే హుషారు.

చీకటితోనే ఒంగోల్లో కర్నూలు రోడ్డు పట్టుకున్నాం. చీమకుర్తి దాటేదాకా గ్రానైట్ లారీలదే రాజ్యం. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ఇక్కడిదే. ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. ట్రైలర్ మీద ఒక్కటే దిమ్మె పెట్టుకుని అది మన పక్కనుంచి పోతుంటే గాలికి బండి ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగుతుంది. అలాంటప్పుడు నేను మామూలుగా తెల్లగీత దాటి ఎడమ అంచుకు పోతాను. చిన్న బండ్ల వాళ్లందరం అంతే. బావ గమనించాడు గానీ ఏమీ అనలేదు.

పొదిలిలో ఇడ్లీ. మార్కాపురం చేరేసరికి ఎండ చురుక్కుమంది. చిన్నప్పుడు మనమంతా అక్షరాలు దిద్దిన పలకలు ఈ ఊరి రాతివే. చెన్నకేశవస్వామి గుడికి ఇంకోసారి వద్దామనుకుని ఆగకుండా పోయాం.

అసలు కథ దోర్నాలలో మొదలవుతుంది. గుంటూరు, విజయవాడ నుంచి త్రిపురాంతకం మీదుగా వచ్చే కార్లు, మన ఒంగోలు, నెల్లూరు కార్లు అన్నీ ఆ ఊళ్లో కలుస్తాయి. అక్కణ్ణుంచి శ్రీశైలం దాదాపు 50 కిలోమీటర్లు, దారంతా నల్లమల. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటికన్నా పెద్దది. అందుకే రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు. రాత్రిపూట రోడ్డు జంతువులది. గేటు దగ్గర టీ తాగుతూ బావ కొండల వైపు చెయ్యి చూపించాడు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం ఇదే నల్లమల కడుపులోంచి జంట సొరంగాలు తవ్వారు, ఒక్కోటి 18 కిలోమీటర్ల పైమాటే. శ్రీశైలం నీళ్లు ఈ పడమటి మండలాలకు రావాలని. "నీళ్లకి తిన్నటి దారి, మనకి వంకర దారి" అని గ్లాసు పెట్టేసి హెల్మెట్ తగిలించుకున్నాడు.

ఘాట్ మొదలైన కాసేపటికే నా అలవాటు నాకు అడ్డమొచ్చింది. వెనక కారు హారన్ కొట్టగానే ఎడమ అంచుకు జరుగుతున్నా. నేను జరగ్గానే ఆ కారు పక్కనుంచి దూరుతోంది. మలుపులోనే, ఎదురుగా ఏమొస్తోందో చూడకుండానే. ఒకసారి నిజంగానే ఎదురుగా బస్సు వచ్చింది. కారువాడు ఉలిక్కిపడి స్టీరింగు నా వైపు తిప్పాడు. అతని అద్దం నా మోచేతికి జానెడు దూరంలో పోయింది. నా ఎడమ పక్క తారు అంచు, దాని కింద బెత్తెడు లోతు, ఆ పైన జారే కంకర.

అప్పుడు భుజం మీద చెయ్యి పడింది. "అంచుకు పోబాకు. నువ్వు అంచుకు పోతే నీకు రోడ్డు అక్కర్లేదనుకుంటారు. మన సగంలో నడిమధ్యన పో. సైడ్ ఎప్పుడియ్యాలో నే చెప్తా."

ముప్ఫై కిలోమీటర్ల వేగంతో పోయే బండి రోడ్డు సగానికి నడుమ పోవడమంటే మొదట్లో మొహమాటంగానే ఉంటుంది. వెనక నాలుగు కార్లు, అందులో ఒక పెద్ద తెల్లకారు లైట్లు ఆర్పి వెలిగిస్తోంది. కానీ బావ వెనక కూచుని చేసిన పని చూడాలి. మలుపు ముందు కుడిచెయ్యి బయటికి చాపి, అరచేతిని కిందికి ఊపేవాడు. ఆగు అని. పాత లారీల్లో క్లీనర్లు ఇచ్చే సైగ అది. మలుపు తిరిగి, ముందు రోడ్డు తిన్నగా, ఖాళీగా కనపడగానే నా భుజం తట్టేవాడు. నేను ఎడమకు జరిగేవాణ్ణి, అతను చేత్తో "ఇక పో" అని ఊపేవాడు. కార్లు వరసగా పోయేవి. తెల్లకారాయన పోతూ పోతూ అద్దం దించి చెయ్యెత్తాడు. తిడతాడనుకున్నా, దండం పెట్టాడు.

నాకర్థమైందేంటంటే, వెనకవాడికి మన మీద కోపం మనం నిదానంగా పోతున్నందుకు కాదు. దారి ఇస్తామో ఇవ్వమో తేలకపోతేనే వాడికి చిరాకు. సగం జరిగి సగం జరక్కుండా ఉంటే వాడే తెగించి దూరుతాడు. ఇవ్వదల్చుకుంటే మనకు వీలైన చోట పూర్తిగా ఇవ్వాలి, లేదంటే అసలు జరక్కూడదు.

అద్దాల సంగతి కూడా చెప్పుకోవాలి. బండి కొన్న వారానికే అందం కోసం అద్దాలు పీకేసే కుర్రాళ్లు మా వీధిలో చాలామంది. ఘాట్‌లో అద్దం లేకపోతే వెనక ఏముందో చూడాలంటే తల తిప్పాలి, తల తిరిగితే బండీ తిరుగుతుంది. అయితే ఆ ఉబ్బెత్తు అద్దంలో కారు ఉన్నదానికన్నా దూరంగా కనపడుతుంది. ఇంకా టైముందనుకునే లోపే పక్కకొచ్చేస్తుంది.

మలుపులన్నీ ఒకటి కాదు. ఎడమకు తిరిగే మలుపులో ఎదురొచ్చేవాడు అడ్డదారి కోసుకుంటూ మన సగంలోకి వస్తాడు. కుడికి తిరిగే దాంట్లో వేగం ఆగక బయటికి తూలి మన మీదికొస్తాడు. ఏ మలుపైనా తిరిగేటప్పుడు కాదు, తిరగబోయే ముందే బ్రేకు వెయ్యాలి. తర్వాత చూపు మలుపు చివర మీద ఉండాలి. లోయ వైపు చూస్తే బండి లోయ వైపే లాగుతుంది. ఇది బావ చెప్పనక్కర్లేదు, బండి తోలే ప్రతివాడికీ ఒంట్లో తెలిసే విషయమే.

బావ చెప్పకపోతే నాకెప్పటికీ తెలియనిది బస్సు గురించి. తుమ్మలబైలు దాటాక మా ముందు ఒక ఆర్టీసీ బస్సు ఎడమ వైపు హెయిర్‌పిన్ మలుపు ఎక్కుతోంది. ముందు బాగా కుడికి పోయింది. ఎడమ పక్క బోలెడు ఖాళీ. ఇంకో కుర్రాడు నన్ను దాటి ఆ సందులోకి దూరబోయాడు. బావ వెనకనుంచి పెట్టిన కేకకు కుర్రాడే కాదు, నేనూ బ్రేకేశా. రెండు క్షణాల్లో ఆ సందు మూసుకుపోయింది. బస్సు వెనక చక్రం ముందు చక్రం పోయిన దారిన పోదు. లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఆ చక్రం తారు అంచును ఒరుసుకుంటూ, కంకర చిమ్ముతూ పోవడం మేం ముగ్గురం కాళ్లు కింద ఆనించి చూశాం. "అది నీకు ఖాళీ కాదు నాయనా, నా ఎనక చక్రానిది" అన్నాడు బావ, ఆ బస్సు తనే తోలుతున్నట్టు. కుర్రాడు తలూపి చాలాసేపు మా వెనకే వచ్చాడు.

చిన్నారుట్ల వైపు కోతులు మొదలయ్యాయి. వాటికి తిండి పెట్టొద్దని అటవీశాఖ బోర్డులున్నాయి. బోర్డు పక్కనే కారాపి అరటిపళ్లు విసిరేవాళ్లూ ఉన్నారు. మలుపు తిరగ్గానే నడిరోడ్డు మీద ఆగిన కారు, డోరు తెరుచుకుని పాప, చుట్టూ కోతులు. వెనకొచ్చేవాడి గతేంటి? నాకు మొత్తం దారిలో కోపమొచ్చింది ఇక్కడే. బావ మాత్రం ఆ పదినిమిషాల్లో తలెత్తి చెట్లు చూశాడు. ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ మలుపులో పనేమీ లేకుండా ఆగాడు మరి. ఏది మద్ది, ఏది వేప అని నన్నడిగాడు, నాకు తెలిసినవి చెప్పా.

శిఖరం దగ్గర నంది మీద నువ్వులు పోసి, కొమ్ముల మధ్యనుంచి చూశాం. అక్కణ్ణుంచి గుడి శిఖరం కనపడితే పునర్జన్మ ఉండదంటారు. "కనపడిందా బావా?" అంటే "పార్కింగులో కార్లు కనపడ్డాయి" అన్నాడు. మల్లన్న, భ్రమరాంబ దర్శనం క్యూలో మధ్యాహ్నం దాటింది. వెలుతురుండగానే దిగాలని మూడింటికల్లా బయల్దేరాం.

దిగేటప్పుడు ఇంకో రకం జనం కనపడతారు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి, కొందరైతే ఇంజన్ కూడా ఆపేసి జారుకుంటూ పోయేవాళ్లు. అలా దిగితే బండిని పట్టి ఆపేది ఒక్క బ్రేకే. పట్టగా పట్టగా డ్రమ్ము కాలి, లివర్ నొక్కినా పట్టు రాదు. బావ సూత్రం ఒకటే: ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. నేను రెండో గేర్లో వేసి యాక్సిలరేటర్ వదిలేశా. ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంది, బ్రేకు మలుపుల దగ్గర అంటీ అంటకుండా వాడితే సరిపోయింది. ఇరుకు చోట ఎక్కేవాళ్లకు మేమే ఆగి దారిచ్చాం. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఎదురొచ్చే కార్లలో సగం మందికి అది తెలిసినట్టు లేదు, మేమాగితే అనుమానంగా వాళ్లూ ఆగారు.

ఒక మలుపు పక్కన కారొకటి ఆగి ఉంది. మాడిన వాసన. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. ఒకాయన నీళ్ల సీసా మూత తీసి చక్రం మీద పొయ్యబోతున్నాడు. బావ బండి ఆపించి దిగిపోయాడు. "పొయ్యబాకండి సార్. కాలిన ఇనుము మీద చల్లనీళ్లు పడితే వంకర పోద్ది, పగిలినా పగులుద్ది. అరగంట వదిలెయ్యండి, అదే చల్లారుద్ది. దిగేటప్పుడు రెండో గేర్లో దిగండి." ఆయన బావ పంచెకట్టు చూసి, మా స్ప్లెండర్ చూసి, మళ్లీ బావను చూసి, సీసా మూత పెట్టాడు. ఆయన అడగలేదు గానీ బావే చెప్పాడు, డ్రైవరుగా చేశానని.

దోర్నాలలో వెనక బ్రేకు కొంచెం లూజనిపించి మెకానిక్ దగ్గర ఆగాం. అతను నట్టు బిగించి, డ్రమ్ము మీద చెయ్యి పెట్టి, "ఘాట్ దిగొచ్చారా? చల్లగానే ఉందే" అన్నాడు. బావ నా వైపు చూడలేదు గానీ మీసం దువ్వుకున్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు.

అక్కణ్ణుంచి తనే తోలతానన్నాడు బావ. సరే అని వెనక కూచున్నా. మార్కాపురం దాకా రోడ్డు మధ్యన, బస్సుకు ఎంత జాగా కావాలో అంత జాగా పట్టుకుని తోలాడు. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. "బావా, సైడియ్యి" అని భుజం తడితే, "ముందు స్టాపు రానీరా" అన్నాడు.