ఆర్గాన్ కలిపితే ఏమవుతుంది? ఒక మార్కు ప్రశ్నతో నా అనుభవం

నల్లగొండలో గది అద్దెకు తీసుకుని జూనియర్ లెక్చరర్ పరీక్షకు చదువుకుంటున్న రోజుల్లో, ఒక నమూనా పరీక్షలో పోగొట్టుకున్న ఒక్క మార్కు నన్ను చాలా కాలం వెంటాడింది. నైట్రోజన్, హైడ్రోజన్, అమ్మోనియాలు సమతాస్థితిలో (ముందుకూ వెనక్కూ చర్యలు ఒకే వేగంతో జరిగి, ఏదీ పెరగకుండా తగ్గకుండా) ఉన్నప్పుడు స్థిర పీడనం వద్ద ఆర్గాన్ కలిపితే ఏమవుతుందన్నది ప్రశ్న. "మార్పు ఉండదు" అన్న జవాబుకు క్షణం కూడా ఆలోచించకుండా గుర్తు పెట్టాను. ఆర్గాన్ లాంటి జడవాయువు చర్యలో పాల్గొనదు కాబట్టి సమతాస్థితిపై దాని ప్రభావం ఉండదన్న వాక్యాన్ని ఇంటర్‌లో ఎంత గట్టిగా కంఠస్థం చేశానంటే, ప్రశ్నలోని "స్థిర పీడనం" అన్న రెండు మాటలు నా కంటికి ఆననే లేదు. అమ్మోనియా తగ్గుతుందన్నది సరైన జవాబు.

శిక్షణ కేంద్రంలో అడిగితే, స్థిర ఘనపరిమాణమైతే మార్పు లేదు, స్థిర పీడనమైతే చర్య మోల్‌లు (అణువులను లెక్కించే ప్రమాణం) ఎక్కువున్న వైపు జరుగుతుంది, ఇంతే గుర్తుపెట్టుకోండి అని చెప్పి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే నాకు ఒక కంఠపాఠం పోయి రెండు కంఠపాఠాలు వచ్చాయి తప్ప, విషయం మాత్రం ఉన్నచోటే ఉంది. పైగా సమతాస్థితిని కదిలిస్తే అది ఆ మార్పును తగ్గించే వైపు జరుగుతుందని లె షాటెలియర్ 1884లో చెప్పిన సూత్రాన్ని తీసి చూస్తే గందరగోళం ఇంకా పెరిగింది. గట్టి గోడలున్న పాత్రలోకి ఆర్గాన్ ఎక్కిస్తే మొత్తం పీడనం పెరుగుతుంది; పీడనం పెరిగితే చర్య మోల్‌లు తక్కువున్న వైపు జరగాలి; మరి అక్కడేమో మార్పు లేదంటున్నారు. పీడనాన్ని పెరగనివ్వకుండా చూసినప్పుడేమో మార్పు ఉందంటున్నారు. ఇది తలకిందులుగా ఎందుకుందో నాకు అంతుపట్టలేదు.

ముడి విడిపోయింది పుస్తకంలో కాదు, మిర్యాలగూడలో మా మేనమామ వెల్డింగ్ షాపులో. రైస్ మిల్లులకు స్టీలు పనులు చేసే ఆ షాపులో ఆర్గాన్ వెల్డింగ్ ఉంది. దసరాకు వెళ్లినప్పుడు, సిలిండర్ మీటరు ముల్లును చూస్తూ నిలబడి, ఈ గ్యాస్ ఏం చేస్తుంది మామా అని అడిగాను. ఆయన ముఖానికున్న అద్దం పైకెత్తి, "ఏం చెయ్యదు బిడ్డా. గాలిని పక్కకు నూకుతది, గంతే. గాలి తాకితే స్టీలు నల్లగైతది" అన్నాడు. పక్కకు నూకాలంటే ఆ గాలికి పోవడానికి చోటుండాలి కదా అన్న ఆలోచన నాకు అప్పుడు తట్టింది. షాపులో చోటుంది. బిగించిన ఇనుప పాత్రలో ఎక్కడుంటుంది?

ఆ రాత్రి షాపు బిల్లు బుక్కు వెనక అట్ట మీద ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ లెక్క వేసుకున్నాను. అది ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్, క్లోరిన్‌లుగా విడిపోతుంది, అంటే ఒక మోల్ రెండు మోల్‌లవుతుంది. 1 మోల్‌తో మొదలుపెట్టి, 1 అట్మాస్ఫియర్ మొత్తం పీడనం వద్ద అందులో సగం విడిపోయిందనుకున్నాను. అప్పుడు మూడు వాయువులూ తలా 0.5 మోల్ ఉంటాయి, తలా మూడోవంతు అట్మాస్ఫియర్ పాక్షిక పీడనం (మొత్తం పీడనంలో ఒక్కో వాయువు వాటా) కలిగి ఉంటాయి. రెండు ఉత్పన్నాల పీడనాలను గుణించి మిగిలిన పెంటాక్లోరైడ్ పీడనంతో భాగిస్తే సమతాస్థితి స్థిరాంకం కూడా మూడోవంతే వస్తుంది. ఇప్పుడు 1 మోల్ ఆర్గాన్ కలపాలి. గోడలు కదలని పాత్రలోనైతే మొత్తం పీడనం 1 నుంచి 1.67కు ఎక్కుతుంది, కానీ ఆ పెరిగిన 0.67 అంతా ఆర్గాన్‌దే. మిగతా మూడింటి మోల్‌లు మారలేదు, వాటికున్న చోటూ మారలేదు, కనుక వాటి పాక్షిక పీడనాలు మునుపటి మూడోవంతు దగ్గరే ఉన్నాయి. మీటరు ముల్లు పైకి లేచినా, చర్యకు మాత్రం ఆ సంగతి తెలియదు. లె షాటెలియర్ సూత్రంతో నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది: నేను మొత్తం పీడనాన్ని చూశాను, చర్య లెక్కలోకి తీసుకునేది అందులో పాల్గొనే వాయువుల పీడనాలను మాత్రమే. (మరీ ఎక్కువ పీడనాల వద్ద వాయువులు ఆదర్శ ప్రవర్తన నుంచి పక్కకు జరుగుతాయి కాబట్టి అక్కడ స్వల్ప తేడా వస్తుంది, పరీక్షల్లో దాని జోలికి పోరు.)

అదే ఆర్గాన్‌ను పిస్టన్ స్వేచ్ఛగా కదిలే పాత్రలో కలిపితే, మొత్తం పీడనం 1 దగ్గరే ఉండటానికి పిస్టన్ వెనక్కి జరుగుతుంది. పాత్రలో ఇప్పుడు 2.5 మోల్‌లున్నాయి, కనుక మన మూడు వాయువుల పీడనాలూ ఒక్కొక్కటి 0.2కు పడిపోతాయి. ఇందాకటిలాగే గుణించి భాగిస్తే వచ్చే భాగఫలం కూడా 0.2 అవుతుంది. స్థిరాంకం 0.33 దగ్గరే ఉంది కాబట్టి, భాగఫలం దాన్ని అందుకునే దాకా పెంటాక్లోరైడ్ ఇంకా విడిపోవాల్సిందే. వర్గ సమీకరణాన్ని సాధిస్తే విడిపోయిన భాగం 0.5 నుంచి 0.593కు పెరిగింది. నమ్మకం కుదరక రెండుసార్లు వెనక్కి సరిచూశాను, రెండుసార్లూ 0.333 వచ్చింది. ఆర్గాన్ చేసిందేమీ లేదు. జరిగిన గోడ చేసింది. ఆ చోటును ఖాళీ శూన్యంతో పెంచినా ఫలితం ఇదే.

ఆ తరువాత మిగతావి వరుసగా దారికొచ్చాయి. హైడ్రోజన్, అయోడిన్ కలిసి హైడ్రోజన్ అయోడైడ్ అయ్యే చర్యలో రెండు వైపులా రెండేసి మోల్‌లే ఉంటాయి కనుక గోడ కదిలినా కదలకపోయినా ఒకటే. అమ్మోనియాలో నాలుగు మోల్‌లు రెండవుతాయి కనుక పలచబడితే తిరోగామి చర్య, అంటే అమ్మోనియా తిరిగి విడిపోయే చర్య, పైచేయి అవుతుంది. నా మార్కు పోయింది అక్కడే. వానాకాలం నాట్లప్పుడు మా వైపు రైతులు బస్తాల కోసం వరుసలు కట్టే, అమ్మోనియాతో తయారయ్యే యూరియా వెనక కూడా ఇదే లెక్క ఉందని తరువాత తెలిసింది. అమ్మోనియా కర్మాగారానికి నైట్రోజన్ మామూలుగా గాలి నుంచే వస్తుంది. గాలిలో సుమారు 0.93 శాతం ఆర్గాన్ ఉంటుంది. చర్య జరగకుండా మిగిలిన వాయువులను మళ్లీ మళ్లీ తిప్పి పంపుతారు కాబట్టి, ఎవరితోనూ కలవని ఆర్గాన్, దానితోపాటు హైడ్రోజన్ తయారీలో మిగిలిపోయిన మీథేన్ చుట్టుచుట్టుకూ పేరుకుపోతాయి. అవి తీసుకునే వాటా నైట్రోజన్, హైడ్రోజన్‌ల వాటాలోంచే పోతుంది, అందుకే కొంత వాయువును ఎప్పటికప్పుడు బయటికి వదలాలి. అక్కడ నష్టమైనది మరోచోట లాభం: ఇథైల్ బెంజీన్ నుంచి స్టైరీన్ తయారుచేసేటప్పుడు సుమారు 600 డిగ్రీల వద్ద కావాలనే ఎక్కువ నీటి ఆవిరిని కలుపుతారు. ఒక మోల్ రెండయ్యే ఆ చర్యకు పలచబడటమే కావాలి. ఆవిరి వేడినీ అందిస్తుంది, ఉత్ప్రేరకం మీద మసి పట్టకుండానూ చూస్తుంది.

లెక్క తేలాక కంటితో చూడాలనిపించి, డిగ్రీలో నాకు పాఠం చెప్పిన సారును అడిగాను. రాగి ముక్కల మీద గాఢ నత్రికామ్లం పోసి వచ్చిన గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్‌ను, ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే అర) లోపల, రెండు గాజు సిరంజిల్లోకి 20 మిల్లీలీటర్ల చొప్పున తీసుకున్నాం. అది ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన వాయువు, ఇంట్లో చేసేది కాదు. అందులో కొంత, రెండేసి అణువులు కలిసి, రంగులేని డైనైట్రోజన్ టెట్రాక్సైడ్‌గా జతకట్టి ఉంటుంది. పలచబడితే ఆ జతలు విడిపోయి గోధుమరంగు అణువులు పెరగాలి. ఒక సిరంజిలోకి 20 మిల్లీలీటర్ల పొడిగాలిని లాగాను. రంగు ముదరడం అటుంచి, పక్క సిరంజి కంటే వెలిసిపోయింది. నా ముఖం చూసి సారు నవ్వి, "అడ్డంగా ఎందుకు చూస్తున్నవమ్మా, పొడుగునా చూడు" అన్నారు.

అడ్డంగా చూస్తే చూపు దాటే వాయువు మందం మారదు, వాయువు మాత్రం పలచబడింది, కనుక వెలిసినట్టే కనబడుతుంది. పొడుగునా చూస్తే వాయువు పలచబడినంత మేర దాని పొడవు పెరుగుతుంది, చూపుకు అడ్డొచ్చే అణువుల సంఖ్యలో తేడా ఉండదు. అక్కడ రంగు ముదిరితే అది చర్య వల్లనే ముదరాలి. రెండు సిరంజిల పిస్టన్‌ల వెనక తెల్లకాగితం పెట్టి, మూతుల వైపు నుంచి ఒకదాని తరువాత ఒకటి చూశాను. గాలి కలిపిన దాంట్లో రంగు కొద్దిగా, చాలా కొద్దిగా, ముదురుగా ఉంది.