క్యాసెట్ అట్ట మీద మా చిన్నమ్మ పేరు లేదు

మొన్న ఆదివారం ఫోన్ల ఒక డాక్యుమెంటరీ చూసిన, ఫిల్ స్పెక్టర్ మీద తీసింది, 2022ల వచ్చింది, నాలుగు భాగాలు. ఆయనెవరో తెల్వనోళ్లకు చెప్తా, 1960లల అమెరికాల పేరుమోసిన మ్యూజిక్ ప్రొడ్యూసర్. ఒక్క రూముల నాలుగైదు గిటార్లు, రెండు మూడు పియానోలు పెట్టి ఒకటే ట్యూను అందరితోని వాయించి, దాన్ని ఎకో గదిలకు పంపి రికార్డు చేసేటోడు, సౌండు గోడ లెక్క మీదికి వచ్చేది, దానికి వాల్ ఆఫ్ సౌండ్ అనే పేరు. 2003 ఫిబ్రవరిల ఆయన ఇంట్ల లానా క్లార్క్‌సన్ అనే నటి తుపాకి తూటకు చచ్చిపోయింది. 2007ల జ్యూరీ పది మంది ఒకదిక్కు ఇద్దరు ఒకదిక్కు అయి కేసు తేలలే, 2009ల దోషి అన్నరు, 2021ల జైలుశిక్షలనే పోయిండు.

లానాను అప్పట్ల పేపర్లు, టీవీలు చిన్న సిన్మాల నటి అని ఒక్క ముక్కల తీసేసినయి. ఈ డాక్యుమెంటరీల మాత్రం ఆమె తల్లి మాట్లాడుతది, దోస్తులు మాట్లాడుతరు, ఆమెకు గూడ ఒక బతుకు ఉండె అని తెలుస్తది. గది నాకు నచ్చింది. కానీ నన్ను పట్టుకున్నది డ్రైవర్ ముచ్చట. ఆ రాత్రి బయట కార్ల ఉన్నది ఆయనే, బ్రెజిల్ నుంచి పొట్టకూటికి వచ్చినోడు. నేను ఎవర్నో చంపిన అనుకుంట అని సారు బయటికొచ్చి చెప్పిండని సాక్ష్యం చెప్పిండు. స్పెక్టర్ వకీళ్లు ఏమన్నరంటే ఈనకు ఇంగ్లీషే సక్కగ రాదు, తప్పు విన్నడు అన్నరు! నేను అక్కడ ఆపి ఛాయ్ పెట్టుకున్న. హైదరాబాద్ హాస్టల్ల నేను మాట్లాడంగనే నవ్వేటోళ్లు యాదికొచ్చిండ్రు, మన యాస సిన్మాలల మస్తు రోజులు రౌడీకి, జోకర్‌కు తప్ప హీరోకు రాలే గదా, యాస తక్కువ అయితే మాట గూడ తక్కువే అన్నట్టు.

తెరమీద నల్లోళ్లు ఎంతమంది, ఆడోళ్లు ఎంతమంది అని లెక్కబెట్టుడు ఒకటి, ఎవరి పనికి ఎవరి పేరు పడ్డదో చూసుడు ఇంకోటి. నాకు రెండోదే పెద్దగ కనవడ్డది. స్పెక్టర్ 1962ల హీస్ ఎ రెబెల్ అనే పాట చేసిండు. ఈనకు పాటలు పాడే క్రిస్టల్స్ అనే ఆడపిల్లల గ్రూపు న్యూయార్క్‌ల, ఈన లాస్ ఏంజెలెస్‌ల, అవతల ఇంకొకరు అదే పాట రికార్డు చేస్తున్నరు, ఆగే టైం లేదు. దాంతోని డార్లీన్ లవ్ అనే నల్లజాతి పిల్లతోని పాడించి రికార్డు మీద క్రిస్టల్స్ అని అచ్చేసిండు. పాట నంబర్ వన్ అయింది. పాడిన పిల్ల పేరు లేదు, పాడనోళ్లేమో స్టేజి ఎక్కి అది మా పాటే అన్నట్టు పాడాలె. ఇద్దరికీ అన్యాయమే, ఇద్దరూ నల్లజాతి ఆడపిల్లలే. సంగీతపోళ్లకు పెద్ద గౌరవం అనే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ల స్పెక్టర్ 1989ల చేరిండు, డార్లీన్ 2011ల చేరింది.

ఇది నాకు కొత్త కథ గాదు. మాది తిప్పర్తి దగ్గర ఊరు. మా చిన్నమ్మ నాట్లేస్తా పాడితే పక్క మడి వాళ్లు గూడ నడుము లేపి వినేటోళ్లు. ఒక ఏడు బతుకమ్మ ముందల ఒకాయన నల్గొండకు తీస్కపోయి నాలుగు పాటలు పాడిచ్చిండు, పోను రాను బస్సు కిరాయి, ఒక చీర. క్యాసెట్ వచ్చినంక చూస్తే అట్ట మీద ఎవరిదో ఫోటో, లోపల జానపదం అని ఒక్క మాట. జానపదం అంటే ఎవరిదీ గాదు అనుకున్నడో ఏమో. బాపు కొట్లాడుదామన్నడు గానీ ఎవరూ పోలే. ఆ క్యాసెట్ ఇప్పటికీ మా ఇంట్ల బియ్యం డబ్బా మీద ఉన్నది, రీలు చిక్కుపడ్డది.

సాయంత్రం చిన్నమ్మకు డార్లీన్ లవ్ పాట పెట్టిన. కండ్లు మూసుకుని విన్నది, పదం తెల్వకున్నా తల ఊపింది.

"గొంతు మంచిగున్నది. పైసలన్న ఇచ్చిండ్రా పిల్లకు?"

"మస్తు ఏండ్లకు కోర్టుకు పోయి కొన్ని తెచ్చుకున్నది చిన్నమ్మా."

"కోర్టు నల్గొండలనే ఉన్నది, మనం గూడ పోవచ్చు" అని నవ్వి, "ఆటోకు నువ్విస్తవా?" అని లేచి బర్రెకు గడ్డెయ్యనీకి పోయింది.